గింజ కనబడుతుంది, గుణం కనబడదు

మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు రాలేసరికి వరంగల్, నర్సంపేట, పరకాల, జనగామ పట్టణాలలో విత్తనాల దుకాణాల ముందు రైతులు బారులు తీరుతారు. ఎద్దును కొనే రైతు పండ్లు పట్టి చూస్తాడు. మెడ నిమిరి చూస్తాడు. నాలుగడుగులు నడిపించి చూస్తాడు. నచ్చకపోతే సంతలో మరో ఎద్దు దగ్గరకు పోతాడు. కాని బి.టి. పత్తి గింజల పొట్లం చేతికి తీసుకున్న రైతుకు పరీక్షించి చూసుకునేందుకు ఏమీ ఉండదు. గింజకు మందు పట్టించి రంగు వేసి ఉంటుంది. దాని లోపలి గుణం కంటికి కనబడేది కాదు, చేతికి తగిలేది కాదు. ఆరు నెలలు కష్టపడి, తీసిన పత్తిని ఏనుమాముల మార్కెట్‌లో కాంటా మీదికి ఎక్కించిన నాడు గాని ఆ గింజ మంచిదో చెడ్డదో తేలదు. అప్పటికి పెట్టుబడి పోతుంది, అదనూ పోతుంది.

కనుక రైతు డబ్బిచ్చి కొంటున్నది గింజను మాత్రమే కాదు, పొట్లం మీది పేరును కూడా. ఆ పేరు మీద నమ్మకం ఎట్లా కలుగుతుంది, ఎట్లా చెడుతుంది అన్నది తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు. 2016కు ముందున్న పాత వరంగల్ జిల్లా పత్తి చేలలో జరిగిన సంగతులు చాలు.

మందు మాట తప్పింది

గింజల కంటె ముందు పురుగు మందుల మీద నమ్మకం వచ్చింది, పోయింది. 1980 దశకంలో పైరెత్రాయిడ్ జాతికి చెందిన కొత్త మందులు మార్కెట్‌లోకి వచ్చినప్పుడు తొలి ఏళ్లలో పురుగు ఇట్టే రాలింది. రైతులు సంతోషించారు. అయితే ఒకే రకం మందును పదే పదే కొట్టినందువల్ల శనగపచ్చ పురుగు దానికి అలవాటు పడింది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాలలో తెల్లదోమ, కాయతొలుచు పురుగు పత్తిని ఊడ్చిపెట్టాయి. అప్పుల పాలైన రైతులు కొందరు ప్రాణాలు తీసుకున్నారు. పదేళ్ల తరువాత, 1997-98లో, అదే కష్టం వరంగల్ జిల్లాకు వచ్చింది. లద్దె పురుగు, కాయతొలుచు పురుగు చేలను తినివేశాయి. ఏ మందుకూ చావని పురుగు కోసం తెచ్చిన మందునే తాగి రైతులు మరణించిన విషయం జిల్లా ప్రజలు మరచిపోలేదు.

ఆ రోజులలో మందు అమ్మేదీ, ఏ మందు కొట్టాలో చెప్పేదీ, దానికి అప్పు ఇచ్చేదీ చాలాచోట్ల ఒకే దుకాణదారు. పండిన పత్తిని కొనేది కూడా కొన్నిచోట్ల ఆయనే. ఒక మందు పని చేయకపోతే మరొకటి అంటగట్టారు, రెండు మూడు కలిపి కొట్టమన్నారు. “ఈ మందు ఇక పని చేయదు” అని సకాలంలో రైతుకు చెప్పినవారు తక్కువ. మందు తప్పిన మాటకు శిక్ష పడింది రైతుకు.

కొత్త గింజ రాక

ఇటువంటి సమయంలో పురుగును తనంతట తానే చంపే పత్తి వచ్చిందన్న వార్త రైతులకు వరంలా తోచింది. కేంద్ర ప్రభుత్వ జన్యు ఇంజనీరింగ్ ఆమోద సంఘం 2002 మార్చి 26న మూడు బి.టి. పత్తి సంకర రకాలకు అనుమతి ఇచ్చింది. మెక్-12, మెక్-162, మెక్-184 అన్నవి వాటి పేర్లు. గింజ మహారాష్ట్రకు చెందిన మహికో కంపెనీది. అందులోని జన్యువు అమెరికాకు చెందిన మోన్‌శాంటో కంపెనీది. దానికి ఆ కంపెనీ పెట్టిన పేరు బోల్‌గార్డ్.

దీని కిటుకు కష్టమైనదేమీ కాదు. బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే సూక్ష్మజీవి నేలలో సహజంగానే ఉంటుంది. అది తయారు చేసే ఒక మాంసకృత్తు కాయతొలుచు పురుగులకు విషం. ఆ మాంసకృత్తును తయారు చేయించే జన్యువును తీసి పత్తి మొక్కలో ప్రవేశపెట్టారు. ఆకునో కాయనో కొరికిన పురుగు కడుపులో పేగుకు తూట్లు పడతాయి. అది మేత మాని కొద్ది రోజులలో చస్తుంది.

450 గ్రాముల బి.టి. గింజల పొట్లం ధర 2002లో సుమారు 1,600 రూపాయలు. అంటే మామూలు సంకర విత్తనానికి పెట్టే ధరకు మూడు నాలుగు రెట్లు. అయినా మందుల ఖర్చు కలిసి వస్తుందని వరంగల్ రైతులు కొందరు మెక్-162 వేశారు.

గుణం మంచిదే, మొక్క నిలవలేదు

ఆ ఏడు వానలు సరిగా లేవు. మెక్-162 వేసిన రైతులలో పలువురు కాయ చిన్నదనీ, మొక్క త్వరగా ఉడిగిపోయిందనీ, పింజ పొట్టిగా ఉన్నందున వ్యాపారులు ధర తగ్గించారనీ మొరపెట్టుకున్నారు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తరఫున వరంగల్ జిల్లా పొలాలను గమనించిన శాస్త్రజ్ఞులు అబ్దుల్ ఖయ్యూం, కిరణ్ సక్కరి బి.టి. వేసిన రైతుకు నష్టమే వచ్చిందని లెక్కలు చూపారు. రైతులకు లాభం వచ్చిందని కంపెనీ చేయించిన సర్వే చెప్పింది. అదే సొసైటీకి చెందిన మెదక్ జిల్లా పల్లెటూరి మహిళలు కెమెరాలు పట్టుకొని వరంగల్ పొలాలకు వచ్చి, రైతుల మాటలను వారి నోటనే చెప్పించి చిత్రం తీశారు. కాగితం మీది లెక్కకూ పొలంలోని పంటకూ పొత్తు కుదరనప్పుడు రైతు తన పంటనే నమ్ముతాడని వేరే చెప్పనవసరం లేదు.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటున్నది. శనగపచ్చ పురుగును చంపడంలో జన్యువు మాట నిలుపుకున్నది. మెక్-162 అనే మొక్క ఈ వాతావరణానికి ఆగలేకపోయింది. జన్యువు వేరు, దానిని మోసే మొక్క వేరు. చౌడులో వేసినా, చెలకలో వేసినా, వాన వచ్చినా రాకపోయినా పంట పండించే శక్తి ఆ జన్యువుకు లేదు. రసం పీల్చే పచ్చదోమను, తెల్లదోమను, పేనుబంకను అది ఏమీ చేయదు. లద్దె పురుగు మీద కూడా ఆ తొలి జన్యువు ప్రభావం స్వల్పమే. ఈ తేడాను పొట్లం అమ్మిన రోజున రైతుకు విడమరచి చెప్పి ఉంటే కథ వేరుగా ఉండేది. “బి.టి. వేస్తే పురుగు బాధ లేదు” అన్న మాట మాత్రమే ఊళ్లకు చేరింది. దోమ పట్టిన చేనును చూసి రైతు మోసపోయానని అనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

మెక్ రకాలు మూడింటికీ ఆంధ్రప్రదేశ్‌లో అనుమతిని 2005 మేలో ఆమోద సంఘం పొడిగించలేదు. నష్టపోయిన వరంగల్ రైతులకు పరిహారం చెల్లించాలని రాష్ట్ర ప్రభుత్వం కోరగా కంపెనీ అంగీకరించలేదు. పంట పోయినందువల్ల కలిగిన కోపం కంటె, పోయిన తరువాత పలకరించినవారు లేరన్న కోపం ఎక్కువ కాలం నిలిచింది.

ధర మీద తగాదా

రెండవ తగాదా ధర మీద వచ్చింది. పొట్లం ధరలో 1,250 రూపాయలు జన్యువుకు గాను కంపెనీ తీసుకునే రుసుమే అని తేలింది. ఇతర దేశాల రైతుల నుంచి ఇంతకంటె ఎంతో తక్కువ తీసుకుంటూ ఇక్కడి రైతు నుంచి ఇంత గుంజడం అన్యాయమని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006 జనవరిలో గుత్తాధిపత్య వ్యాపార నిరోధక కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. రుసుమును తగ్గించాలని కమిషన్ ఆ ఏడు మే నెలలో ఉత్తరువు ఇచ్చింది. దరిమిలా రాష్ట్ర ప్రభుత్వం పొట్లం ధర 750 రూపాయలుగా నిర్ణయించింది. ఇతర రాష్ట్రాలు కూడా అదే దారి పట్టాయి. 2007లో పత్తి విత్తనాల ధరల నియంత్రణకు రాష్ట్రంలో ప్రత్యేక చట్టమే వచ్చింది.

నిన్న 1,600 రూపాయలకు పైగా పలికిన పొట్లం నేడు 750కి దొరుకుతున్నదంటే రైతు ఏమనుకుంటాడు? ఇంతకాలం తన దగ్గర తీసుకున్నది న్యాయమైన ధర కాదనే అనుకుంటాడు. సరుకు మంచిదైనా ధరలో దాపరికం ఉంటే నమ్మకం చెడుతుందనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. ఆ తరువాత 2016 నుంచి దేశమంతటికీ కేంద్ర ప్రభుత్వమే ధర నిర్ణయిస్తున్నది. 2020లో జన్యు రుసుమును పూర్తిగా ఎత్తివేసింది. 2025లో 475 గ్రాముల పొట్లం గరిష్ఠ ధర 901 రూపాయలు.

మళ్లీ నమ్మిక

ఇంత జరిగినా బి.టి. పత్తి వెనుకకు పోలేదు. 2004లో తమిళనాడుకు చెందిన రాశీ కంపెనీ ఆర్.సి.హెచ్-2 అనే రకాన్ని తెచ్చింది. తరువాతి ఏళ్లలో నూజివీడు సీడ్స్ వారి మల్లిక, బన్నీ రకాలు బి.టి. రూపంలో వచ్చాయి. జన్యువు అదే, మొక్కలు వేరు. ఈ నేలలకు అవి బాగా నప్పాయి. కాయతొలుచు పురుగు కోసం వారం వారం మందు కొట్టే బాధ తగ్గింది. మందు డబ్బా వీపున మోసిన కూలీకి, నీళ్లు మోసిన ఇల్లాలికి ఆ తేడా తెలుసు. దేశంలో పత్తి దిగుబడి 2002-03లో సుమారు 136 లక్షల బేళ్లు ఉండగా 2013-14 నాటికి 398 లక్షల బేళ్లకు చేరింది. ఇందులో వానల పాత్ర, నీటి వసతి పాత్ర, ఎరువుల పాత్ర కూడా ఉన్నది. అయినా గింజ పాత్ర లేదనడానికి వీలులేదు. పదేళ్లు గడిచేసరికి దేశంలోని పత్తిలో నూటికి తొంభై పాళ్లకు పైగా బి.టి. అయింది.

అంటే పోయిన నమ్మకం మాటలతో తిరిగి రాలేదు. పక్క చేనులో పండిన పంటతో తిరిగి వచ్చింది.

“ఏ గింజ పెట్టినవ్ బావా?”

అయితే ఈ నమ్మకంలో ఒక చిక్కు ఉన్నది. విత్తనాల అదనులో ఏ ఊరి రచ్చబండ దగ్గర విన్నా వినబడే మాట ఒకటే: “నిరుడు ఏ గింజ పెట్టినవ్ బావా?” ఆ బావ చెప్పిన పేరు చీటీ మీద రాసుకొని దుకాణానికి పోవడం, అది దొరకకపోతే బ్లాకులో కొనడం మామూలైంది. అమెరికాలోని సెయింట్ లూయీ నగరపు వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన మానవశాస్త్రజ్ఞుడు గ్లెన్ డేవిస్ స్టోన్ వరంగల్ జిల్లా గ్రామాలలో ఏళ్ల తరబడి తిరిగి ఈ విషయాన్నే పరిశీలించారు. ఒక ఏడు ఊరంతా ఒకే పేరు వెంట పడడం, మరుసటి ఏడు దానిని వదిలి మరో పేరు పట్టుకోవడం ఆయన గమనించారు. కొద్ది జాగాలో వేసి పరీక్షించి, బాగుంటే పెంచుకునే పాత పద్ధతి సన్నగిల్లిందని 2007లో ప్రచురించిన వ్యాసంలో రాశారు.

తప్పు రైతుదే అనడానికి వీలులేదు. పూర్వం చేను గింజ ఇంట్లోనే దాచుకునేవారు. తాత వేసిన గింజ గుణం మనుమడికి తెలుసు. సంకర విత్తనాన్ని దాచుకొని మళ్లీ వేస్తే అదే పంట రాదు. ఏటా కొనవలసిందే. పైగా 2012 నాటికే దేశంలో అనుమతి పొందిన బి.టి. సంకర రకాలు వెయ్యికి పైబడ్డాయి. పేర్లు ఏటా మారుతూ పోతే ఏ పేరు గుణం ఏమిటో ఎవరు గుర్తుంచుకోగలరు? ఒక పేరు చెడితే మరో పేరు పెట్టి అమ్ముకోవచ్చునని వ్యాపారులు అనుకున్నంత కాలం రైతు అనుభవం అక్కరకు రాదు.

గులాబీ పురుగు బుద్ధి చెప్పింది

మూడవ దెబ్బ పురుగే కొట్టింది. 2010 మార్చిలో, గుజరాత్‌లోని కొన్ని జిల్లాలలో గులాబీ రంగు పురుగు తొలి బోల్‌గార్డ్‌కు చావడం లేదని మోన్‌శాంటో కంపెనీయే ప్రకటించింది. రెండు జన్యువులు కలిగిన బోల్‌గార్డ్-2 రకం 2006 నుంచే అందుబాటులో ఉన్నది కనుక అందరూ దానికి మారారు. 2014-15 నాటికి గుజరాత్‌లో అది కూడా గులాబీ పురుగు ముందు ఓడింది. 2017లో మహారాష్ట్రలోనూ, తెలంగాణలోనూ ఆ పురుగు విజృంభించింది. అది కాయ లోపల దాగి గింజను తింటుంది. పైకి కాయ నిండుగానే ఉంటుంది. పగిలిన తరువాత చూస్తే లోపల గుడ్డిపత్తి.

ఇది రాగలదని శాస్త్రజ్ఞులకు ముందే తెలుసు. అందుకే బి.టి. చేను చుట్టూ మామూలు పత్తి వేయాలన్న నియమం మొదటి నుంచీ ఉన్నది. పొట్లంతో పాటు 120 గ్రాముల మామూలు గింజలను విడిగా ఇచ్చింది అందుకే. మామూలు మొక్కల మీద బతికిన పురుగులు, బి.టి.ని తట్టుకున్న పురుగులతో జతకట్టడం వల్ల మొండి సంతతి తొందరగా పెరగదు. కాని ఆ చిన్న పొట్లం ఎందుకో రైతులలో చాలామందికి ఎవరూ వివరించలేదు. దానిలోని గింజ నాణ్యత కూడా అంతంత మాత్రమే. చాలా ఇళ్లలో అది గట్టున పారవేయబడింది. ఇటీవలి ఏళ్లలో ఆ గింజలను విడిగా ఇవ్వడం మాని 475 గ్రాముల పొట్లంలోనే నూటికి ఐదు నుంచి పది పాళ్ల వరకు కలుపుతున్నారు. చెప్పవలసిన మాట చెప్పకపోతే, మంచి ఏర్పాటు కూడా గట్టు పాలవుతుందని దీనివల్ల తెలుస్తున్నది.

పేరు లేని పొట్లం

నమ్మకం చెడిన చోట దొంగ సరుకు దూరుతుంది. గడ్డిమందు కొట్టినా చావని పత్తి పేరుతో, ప్రభుత్వ అనుమతి లేని గింజలు 2017లో తెలుగు రాష్ట్రాలలో బయటపడ్డాయి. కలుపు కూలీ పెరిగిపోయిన రోజులలో ఆ ఆశకు లొంగిన రైతులు అనేకులు. బి.జి.-3 అని చెప్పి రాత్రివేళ సంచులలో అమ్మే ఆ గింజకు బిల్లు ఉండదు, లాట్ నంబరు ఉండదు. మొలవకపోతే అడగడానికి దుకాణమూ ఉండదు. కంపెనీ మీద కోపంతో పేరు లేని గింజను కొనడం, పాము భయంతో మొసలి నోట్లో దూకినట్లే.

రైతు చేతిలో ఉన్నది

తెలంగాణలో ఇటీవలి ఏళ్లలో 40 లక్షల ఎకరాలకు పైగా పత్తి సాగవుతున్నది. పొట్లంలోని గుణం కంటికి కనబడకపోయినా, తనను తాను కాపాడుకునే మార్గాలు రైతుకు కొన్ని ఉన్నాయి.

మొదటిది బిల్లు. బిల్లు మీద రకం పేరు, లాట్ నంబరు, తేదీ, దుకాణదారు సంతకం ఉండాలి. ఖాళీ పొట్లాన్నీ, నాలుగు గింజలనూ పంట ఇంటికి వచ్చే దాకా దాచాలి. రెండవది మొలక పరీక్ష. ఒక పొట్లంలోని నూరు గింజలను తడి గోనెపట్టాలో చుట్టి ఉంచితే వారం పది రోజులలో ఎన్ని మొలిచాయో తెలుస్తుంది. నిబంధన ప్రకారం కనీసం 75 మొలవాలి. మూడవది, ఊరంతా ఒకే పేరు వెంట పోక, కొత్త రకాన్ని మొదటి ఏడు అర ఎకరంలో వేసి చూడడం. నాలుగవది, గులాబీ పురుగు కోసం లింగాకర్షక బుట్టలు పెట్టి, గుడ్డిపూలను ఏరివేసి, మూడో తీతకో నాలుగో తీతకో ఆశపడి పంటను వేసవి దాకా సాగదీయకుండా, కట్టెను తీసివేయడం.

మరొక సంగతి కూడా రైతులు తెలుసుకోవాలి. విత్తనం కొన్న రైతు వినియోగదారు కాడన్న వాదనను సుప్రీంకోర్టు 2012 జనవరిలో తోసిపుచ్చింది. ఆ దావా ఆంధ్రప్రదేశ్ రైతులకూ జాతీయ విత్తన సంస్థకూ మధ్య నడిచినది. చెడ్డ విత్తనం వల్ల నష్టపోయిన రైతు వినియోగదారుల న్యాయస్థానానికి పోవచ్చుననీ, కొన్న గింజలన్నీ విత్తుకునే రైతు పరీక్ష కోసం కొన్ని దాచి ఉంచాలని ఆశించడం తగదనీ కోర్టు స్పష్టం చేసింది. నేడు ఆ ఫిర్యాదు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో చేసుకోవచ్చు. అయితే చేను ఎండిపోక ముందే వ్యవసాయాధికారిని పిలిపించి, చూసినది రాయించుకోవడం అవసరం.

కంపెనీలు చేయవలసింది కూడా పెద్ద పనేమీ కాదు. ఈ గింజ ఏ పురుగును చంపుతుందో రాసినంత పెద్ద అక్షరాలతో, ఏ పురుగును చంపదో కూడా తెలుగులో పొట్లం మీద రాయాలి. ఏ నేలకు, ఎంత నీటికి పనికివస్తుందో చెప్పాలి. పంట పోయిందని కబురు వస్తే వారం లోపల చేనులోకి మనిషిని పంపాలి. పండిన చేను ముందు నిలబడి ఫొటో తీయించుకునే కంపెనీ మనుషులు ఎండిన చేనుకు కూడా వచ్చిన నాడు, పొట్లం మీది పేరు చూసి కొనడానికి రైతుకు జంకు ఉండదు.